తలగాయం తర్వాత స్టీరింగ్: చేతులకు గుర్తుంటే చాలదు

తలకు పెద్ద దెబ్బ తగిలి, వారాల తరబడి ఆసుపత్రిలో ఉండి ఇంటికి చేరిన మనిషి, నడక కాస్త కుదుటపడగానే అడిగే మాట తరచుగా ఒకటే: "బండి ఎప్పుడు తియ్యొచ్చు?" ఇంట్లోవాళ్లు డాక్టర్ వైపు చూస్తారు. డాక్టర్ స్కాన్ చూసి "బాగానే ఉంది, కొన్నాళ్లు ఆగండి" అంటాడు. ఆ కొన్నాళ్లు ఎన్నాళ్లో, ఆగి ఏం చూసుకోవాలో చెప్పేవాళ్లు అరుదు. చివరికి ఒక ఆదివారం ఉదయం ఖాళీ మైదానంలోనో, జనం లేని రోడ్డు మీదో పక్కన ఒకరు కూర్చుని ఒక రౌండు వేయిస్తారు. క్లచ్, గేరు, మలుపు, రివర్స్ అన్నీ ఎప్పటిలాగే వస్తాయి. "ఏం మర్చిపోలేదు, భేషుగ్గా నడిపాడు" అని ఇంటికొచ్చి చెబుతారు.

ఈ పరీక్షతో వచ్చిన చిక్కేమిటంటే, దెబ్బకు పోనిదాన్ని ఇది పరీక్షిస్తుంది. పోయినదాని జోలికే వెళ్లదు.

ఏళ్ల తరబడి చేసి చేసి ఒంటికి పట్టిన పనులు, అంటే ఈత, సైకిలు, గేరు మార్చడం లాంటివి, మాటల్లో చెప్పగలిగే జ్ఞాపకాలు కావు. మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియా, వెనకవైపు ఉండే చిన్నమెదడు ప్రధానంగా ఆ వ్యవహారం నడుపుతాయి. తలగాయాల్లో ఎక్కువగా నలిగే చోటు వేరు. పుర్రె లోపలివైపు నుదుటి వెనక, కణతల దగ్గర ఎముక గరుకుగా, అంచులు తేలి ఉంటుంది. వేగంగా వెళ్తున్న తల ఒక్కసారిగా ఆగినప్పుడు మెదడు అక్కడే ఒరుసుకుంటుంది. ఏకాగ్రత, తొందరపాటుకు కళ్లెం, ముందుచూపు, రెండు పనులను ఒకేసారి మనసులో పెట్టుకోవడం, ఇవన్నీ ఎక్కువగా ఆ ముందు భాగం మీద ఆధారపడ్డవే. అందుకే నిన్న ఇంటికి ఎవరొచ్చి వెళ్లారో గుర్తులేని మనిషి కూడా కారెక్కితే చెయ్యి తిరిగిన డ్రైవరులాగే కనిపిస్తాడు. ప్రమాదం ఆ "లాగే" దగ్గరే ఉంది.

డచ్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ మిషోన్ 1985లో డ్రైవింగ్‌ను మూడు అంతస్తులుగా విడదీసి చూపించాడు. కింది అంతస్తులో చేతులు, కాళ్లు ఉంటాయి: స్టీరింగు సరిచేయడం, బ్రేకు తొక్కడం. ఇక్కడ వ్యవహారమంతా సెకనులోపే. మధ్య అంతస్తులో క్షణక్షణం తీసుకునే నిర్ణయాలు: ముందు లారీని దాటాలా, ఎంత ఎడం ఉంచాలి, సిగ్నల్ పసుపు పడింది, ఆగాలా పోవాలా. ఇక్కడ కొన్ని సెకన్ల వ్యవధి దొరుకుతుంది. పై అంతస్తులో అసలు బండి ఎక్కకముందే తేల్చుకునే సంగతులుంటాయి: ఇవాళ బయల్దేరాలా, ఏ వేళకు, ఏ దారిన, వాన పడేలా ఉంది కదా రేపు వెళ్తే ఏం పోయింది.

ఈ మూడంతస్తుల బొమ్మ నలభై ఏళ్ల నాటిదే అయినా తలగాయం తర్వాత డ్రైవింగ్ గురించి ఆలోచించడానికి దీనంత పనికొచ్చేది మరొకటి లేదు. కింది అంతస్తులో కొంత మందగింపు ఉన్నా పై అంతస్తు గట్టిగా ఉంటే మనిషి సర్దుకుంటాడు. చీకటి పడ్డాక బండి తీయడు, రద్దీ వేళ ఇంట్లోనే ఉంటాడు, ముందు బండికి మామూలుకన్నా రెట్టింపు దూరంలో ఉంటాడు. వయసు మళ్లిన డ్రైవర్లు ఎంతోమంది చేస్తున్నది ఇదే. కానీ పై అంతస్తు దెబ్బతిని కింది అంతస్తు చెక్కుచెదరకపోతే? చేతులు చురుకు, ఆలోచన కురచ. ఖాళీ మైదానంలో చేసే పరీక్షలో ఈ రెండో మనిషే ముందు పాసవుతాడు.

మెదడు గాయాల చరిత్రలో అందరికన్నా పేరు మోసిన రోగి కూడా ఒక డ్రైవరే కావడం విచిత్రం. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో రైల్వే పనుల్లో ఉన్న ఫినియాస్ గేజ్ ఎడమ దవడ కింద నుంచి ఆరు కిలోల ఇనుప గడ్డపార దూసుకుపోయి నడినెత్తి చీల్చుకుని బయటపడింది. బతికాడు. మనిషి మారిపోయాడని, మొండితనం, మాట తూలడం మొదలైందని వైద్యుడు జాన్ హార్లో రాసిన వాక్యాలు మనస్తత్వశాస్త్ర పుస్తకాల్లో ఎక్కని చోటు లేదు. అంతగా ప్రచారంలోకి రానిది తర్వాతి కథ. 1852లో గేజ్ చిలీ వెళ్లి ఏళ్ల తరబడి గుర్రపు బగ్గీలు తోలాడు. ఆరు గుర్రాలు కట్టి, నిండా బరువు వేసిన బళ్లు. ఒక్కో గుర్రం పగ్గం ఒక్కో వేలికి తెలియాల్సిన పని అది.

అతను పూర్తిగా కోలుకున్నాడనడానికి ఇదే రుజువని కొందరంటారు. అంత దూరం పోనవసరం లేదు. రోజూ అదే దారి, అదే వేళ, అదే వరుసలో పనులు. బయటినుంచి వచ్చిన ఆ క్రమం అతని లోపల పోయిన క్రమానికి ఊతకర్ర అయి ఉండొచ్చు. పైగా బండి కింద గోతి ఉంటే ఆగే తెలివి గుర్రాలకు ఉంటుంది, వాటి ప్రాణం వాటికి తీపి. కారుకు అలాంటి మొహమాటాలు లేవు. గేజ్ కథలో ఈ ప్రశ్నకు సంబంధించిన మరో ముక్క ఉంది, అది మూర్ఛల దగ్గర వస్తుంది.

పోయేది ఏమిటి?

మొదట పోయేది వేగం. మెదడు ఒక్కసారిగా కుదుపుకు గురైనప్పుడు కణాల మధ్య సందేశాలు మోసే పొడవాటి తంతువులు సాగి, కొన్ని తెగిపోతాయి. నలిగిన చోటు ఒకటి కాదు, మెదడంతా చెదురుమదురుగా ఉంటుంది. మామూలు సీటీ స్కాన్‌లో ఇది చాలాసార్లు కనపడదు. "స్కాన్ నార్మల్" అన్న మాట ఇంటిల్లిపాదినీ తప్పుదారి పట్టించేది ఇందుకే. రక్తం గడ్డ లేదని స్కాన్ చెప్పగలదు. సందేశం ఎంత ఆలస్యంగా చేరుతోందో చెప్పలేదు.

ఆలస్యం ఎంతో కాదు, అర సెకను అనుకుందాం. భోజనాల బల్ల దగ్గర అర సెకను ఎవరికీ తెలియదు. గంటకు 72 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 20 మీటర్లు. అంటే బ్రేకు మీద కాలు పడేలోపు బండి అదనంగా 10 మీటర్లు ముందుకు పోయింది. ఊహించని అడ్డు వచ్చినప్పుడు ఆరోగ్యంగా ఉన్న డ్రైవరుకే స్పందించడానికి దాదాపు ఒకటిన్నర సెకను పడుతుంది, ఈ 10 మీటర్లు దాని పైన. రోడ్డు దాటుతున్న మనిషి ముందు ఆగడానికీ ఆ మనిషిని దాటి ఆగడానికీ మధ్య ఉండే తేడా అది.

దీనికన్నా పట్టుకోవడం కష్టమైనది పంచుకోలేని ధ్యాస. నేరుగా వెళ్తున్నంతసేపూ ఏ ఇబ్బందీ ఉండదు. కూడలి దగ్గర కుడి వైపు బస్సు, ఎడమ వైపు నుంచి దూరుతున్న స్కూటరు, వెనక సీట్లో పిల్ల ఏడుపు, ముందు సిగ్నల్ మారుతోంది. ఇక్కడ మెదడు నాలుగింటినీ ఒక్కసారి పట్టుకోవాలి, వాటిలో ఏది ముఖ్యమో తేల్చాలి, మిగతావాటిని వదిలేయాలి. గాయపడిన మెదడు చాలాసార్లు మొదట కంటబడిన దాన్ని పట్టుకుని వేలాడుతుంది. బస్సును బ్రహ్మాండంగా గమనిస్తాడు. స్కూటరు ఉందన్న సంగతి తగిలాక తెలుస్తుంది.

చూపు సంగతి వేరే చెప్పుకోవాలి. కన్ను బాగానే ఉండి చూపు దెబ్బతినడం తలగాయాల్లో మామూలే. కళ్లలోంచి వచ్చే నరాల దారి మెదడు వెనక భాగం దాకా పోతుంది. ఆ దారిలో ఒక పక్క దెబ్బ తగిలితే రెండు కళ్లలోనూ ఒకే వైపు సగం చూపు పోతుంది. దీన్ని హెమియనోపియా అంటారు. అక్షరాల చార్టు చదవమంటే చివరి వరస దాకా చదివేస్తారు, అందుకే కళ్లజోడు దుకాణంలో ఇది బయటపడదు. బ్రిటన్ నిబంధనల ప్రకారం కారు నడిపేవాళ్లకు అడ్డంగా కనీసం 120 డిగ్రీల చూపు, ఒక్కో పక్క కనీసం 50 డిగ్రీలు ఉండాలి. సగం చూపు పోయినవాళ్లు సహజంగానే ఆ గీత దాటలేరు. అయితే ఆ లోపం ఏడాదిగా ముదరకుండా ఉండి, తల తిప్పుతూ చూసుకునే అలవాటు బాగా కుదిరిందని తేలితే, రోడ్డు పరీక్ష పెట్టి విడిగా పరిశీలించే ఏర్పాటు అక్కడే ఉంది. సరైన పద్ధతే అనిపిస్తుంది. చూపు తగ్గిందని తెలిసి తల తిప్పే మనిషి, తెలియని మనిషికన్నా మేలు.

ఆ తెలియని మనిషి ఎవరంటే, సగం చూపు పోయినవాడు కాదు, సగం ప్రపంచం పోయినవాడు. మెదడు కుడి భాగంలో పెద్ద దెబ్బ తగిలిన కొందరికి ఎడమ వైపు అనేది ఒకటుందన్న స్పృహే ఉండదు. పళ్లెంలో ఎడమ సగం అన్నం అలాగే వదిలేసి లేస్తారు, ఎడమ చెంప గడ్డం గీసుకోవడం మర్చిపోతారు, గుమ్మంలోంచి వెళ్తూ ఎడమ భుజం తగిలించుకుంటారు. వీళ్లకు తల తిప్పమని చెప్పినా ఉపయోగం తక్కువ. ఎటు తిప్పాలో అటువైపే వాళ్లకు లేదు. ఈ లక్షణం ఉన్నంతకాలం స్టీరింగు మాట ఎత్తకూడదు.

రెండుగా కనపడటం కూడా తరచుగా వచ్చేదే. కంటిని కిందికి తిప్పే కండరానికి వెళ్లే సన్నని నాలుగో కపాల నాడి తల దెబ్బలకు తేలిగ్గా దెబ్బతింటుంది. మెట్లు దిగేటప్పుడు, చదివేటప్పుడు ఒక గీత రెండవుతుంది. స్పీడోమీటరు వైపు కళ్లు దించినప్పుడూ అంతే. ఇది చాలామందిలో నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది, లేకపోతే ప్రిజం అద్దాలతో సరిచేస్తారు. వాసన పోవడం అందరూ తేలిగ్గా తీసుకునే ఇంకొక లోపం. పెట్రోలు కారుతున్న వాసన, వైరు కాలుతున్న వాసన తెలియని డ్రైవరుకు బండి ఇచ్చే మొదటి హెచ్చరిక అందదు.

తీర్పు చెప్పేదీ గాయపడినదే

1914లో జోసెఫ్ బాబిన్‌స్కీ అనే ఫ్రెంచి నరాల వైద్యుడు ఒక వింతకు పేరు పెట్టాడు: అనోసోగ్నోసియా. ఒక పక్క చచ్చుబడినా "నాకేం కాలేదు" అని నిజాయితీగా నమ్మే రోగుల గురించి అతను చెప్పాడు. తలగాయం తర్వాత దీని తేలికపాటి రూపాలు ఎన్నో కనిపిస్తాయి. ఇది మొండితనం కాదు, అబద్ధం కాదు, ఒప్పుకోలేని బాధ కూడా కాదు (ఆ బాధ వేరేగా ఉండొచ్చు). తన పనితీరును తాను బేరీజు వేసుకునే యంత్రమే దెబ్బతింది. గడియారం ఆగిపోయిన మనిషి టైము తప్పు చెబితే అబద్ధమాడాడని అనలేం.

డ్రైవింగ్ విషయంలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇదే. వేగం కొంత తగ్గినా, జ్ఞాపకం కొంత పోయినా, తగ్గిందని తెలిసిన మనిషి మిషోన్ చెప్పిన పై అంతస్తులో సర్దుబాట్లు చేసుకుంటాడు. తెలియని మనిషి పాత మనిషిలాగే, పాత వేగంతో, పాత ధీమాతో వెళ్తాడు. కాబట్టి "నడపగలడా?" అని అడగడంకన్నా "ఏం నడపలేడో అతనికి తెలుసా?" అని అడగడం నయం. దీన్ని కనిపెట్టడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. "దెబ్బ తగిలాక నీలో ఏం మారింది?" అని మనిషిని ఒంటరిగా అడిగి, అదే ప్రశ్న భార్యనో, తమ్ముణ్నో వేరే గదిలో అడిగితే చాలు. రెండు జవాబుల మధ్య ఉన్న ఎడమే కొలత. పునరావాస నిపుణులు దీన్నే ప్రశ్నపత్రాలుగా రాసి, మార్కులు వేసి వాడతారు.

మూర్ఛలు: గేజ్ కథలో మిగిలిన ముక్క

1860లో, గాయమైన పదకొండేళ్లు దాటాక, కాలిఫోర్నియాలో ఉన్న గేజ్‌కు ఫిట్స్ మొదలయ్యాయి. కొన్ని నెలల్లోనే, మే నెలలో, ఆ మూర్ఛలతోనే చనిపోయాడు. పదకొండేళ్ల తర్వాత అనేది ఇక్కడ గమనించాల్సిన మాట.

ఈ ముప్పు ఎంతన్నదానికి లెక్కలున్నాయి. 1998లో అన్నెగర్స్ బృందం అమెరికాలోని మిన్నెసోటాలో నాలుగున్నర వేలమందికి పైగా తలగాయాలైనవాళ్ల రికార్డులు పరిశీలించి ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఐదేళ్లలోపు మూర్ఛలు వచ్చే అవకాశం స్వల్ప గాయాల్లో 0.7 శాతం, మధ్యస్థ గాయాల్లో 1.2 శాతం, తీవ్ర గాయాల్లో 10 శాతం. ముప్పై ఏళ్ల వ్యవధి తీసుకుంటే తీవ్ర గాయాల్లో అది 16.7 శాతానికి చేరింది. అంటే మొదటి ఏడాది దాటితే ముప్పు సున్నా అయిపోదు, కానీ ఎక్కువ భాగం మొదటి కొన్నేళ్లలోనే తేలిపోతుంది. పెద్ద గాయం తర్వాత కొన్ని నెలలు బండి ఆపమని చాలా దేశాల నిబంధనలు చెప్పడానికి ఇదొక ముఖ్య కారణం.

మూర్ఛ ఎప్పుడు వచ్చిందన్నది కూడా ముఖ్యమే. దెబ్బ తగిలిన క్షణంలోనో, మొదటి వారంలోనో వచ్చినదాన్ని వైద్యులు ఒక రకంగా చూస్తారు, అది గాయానికి మెదడు వేసిన తక్షణ కేక. వారం దాటాక వచ్చింది మాత్రం వేరే జాతి. అది మళ్లీ వచ్చే అవకాశం చాలా ఎక్కువ. మొదట్లో ఇచ్చే ఫిట్స్ మందులు మొదటి వారపు మూర్ఛలను తగ్గిస్తాయి గానీ తర్వాత వచ్చే మూర్ఛ వ్యాధిని ఆపవు. "మందు వాడాం కదా, ఇంక రావు" అనే భరోసా అందుకే నిలవదు.

ఒకసారి మూర్ఛ వ్యాధి అని తేలాక ఎన్నాళ్లు ఆగాలన్నది దేశానికో లెక్క. బ్రిటన్‌లో కారుకు ఏడాది మూర్ఛ లేకుండా గడవాలి, లారీలు, బస్సులకైతే మందులు కూడా లేకుండా పదేళ్లు గడవాలి. అమెరికాలో రాష్ట్రానికో రకం. ఏడాది, పదేళ్లు అనే తేడా చూసి కొందరు అన్యాయమంటారు. డ్రైవింగే బతుకుతెరువైన మనిషికి పదేళ్లంటే ఆ వృత్తి ముగిసినట్టే, నిజమే. కానీ వారాంతంలో రెండు గంటలు కారు నడిపే మనిషికీ, యాభైమందిని ఎక్కించుకుని రోజుకు పది గంటలు తిరిగే మనిషికీ చక్రం ముందు మూర్ఛ వచ్చే అవకాశం ఒకటి కాదు, వస్తే జరిగే నష్టమూ ఒకటి కాదు.

కాగితం మీద, రోడ్డు మీద

గాయం తీవ్రతను మొదటి రోజు కొలిచేది గ్లాస్గో కోమా స్కేల్. 1974 నుంచి వాడుకలో ఉన్న ఈ కొలతలో 15 మార్కులకు 13 లేదా అంతకన్నా ఎక్కువైతే స్వల్పం, 9 నుంచి 12 మధ్యస్థం, 8 లేదా అంతకన్నా తక్కువైతే తీవ్రం. ఆ రోజు ప్రాణం నిలబెట్టడానికి ఇది ఎంతో పనికొస్తుంది. ఆరు నెలల తర్వాత డ్రైవింగ్ ప్రశ్నకు మాత్రం పాత చీటీయే. దానికన్నా, మనిషి ఎన్నాళ్లపాటు కొత్త జ్ఞాపకాలు నిలుపుకోలేకపోయాడన్నది మంచి సూచిక. ఆసుపత్రిలో ఉన్న రోజులు అసలేమీ గుర్తులేవంటే, ఆ గుర్తులేని కాలం వారం దాటిందంటే, గాయం తీవ్రమైనదనే లెక్క.

తర్వాత చేసే పరీక్షల్లో ఒకటి చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది. కాగితం మీద చెల్లాచెదురుగా 1 నుంచి 25 దాకా అంకెలుంటాయి, వరసగా గీతతో కలపాలి. రెండో విడతలో అంకె, అక్షరం, అంకె, అక్షరం అని మారుతూ కలపాలి: 1, ఎ, 2, బి, ఇలా. మొదటిది వేగాన్ని చూపిస్తుంది. రెండోది, ఒక నియమం మీద ఉన్న ధ్యాసను ఠక్కున మరో నియమానికి మార్చి మళ్లీ వెనక్కి తేగల శక్తిని చూపిస్తుంది. రెండో విడతకు మూడు నిమిషాలకన్నా ఎక్కువ పడితే డ్రైవింగ్ గురించి గట్టిగా ఆలోచించాలని అమెరికా వైద్యుల మార్గదర్శకాలు సూచించాయి. ఇంకొక పరీక్షలో కంప్యూటరు తెర మధ్య ఒక బొమ్మ, అంచున ఇంకొకటి రెప్పపాటులో మెరిసి మాయమవుతాయి. మధ్యలో ఏం కనపడింది, అంచున ఎక్కడ కనపడిందో చెప్పాలి. బస్సు, స్కూటరు కథే ఇది, రోడ్డు లేకుండా.

ఈ పరీక్షల్లో బాగా వెనకబడినవాళ్లకు రోడ్డు మీదికి వెళ్లకుండానే జవాబు దొరుకుతుంది. బాగా చేసినవాళ్లకూ దాదాపు అంతే. సమస్య నడిమధ్యన ఉండే పెద్ద గుంపుతో. కాగితం మీద తడబడి రోడ్డు మీద జాగ్రత్తగా నడిపేవాళ్లున్నారు, కాగితం మీద మెరిసి కూడలిలో చేతులెత్తేసేవాళ్లూ ఉన్నారు. అందుకే చివరి మాట రోడ్డుదే కావాలి. పక్క సీట్లోనూ బ్రేకు ఉండే కారు, ముందు సీట్లో శిక్షకుడు, వెనక సీట్లో కూర్చుని రాసుకునే ఆక్యుపేషనల్ థెరపిస్టు (జబ్బు తర్వాత రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా తర్ఫీదిచ్చే నిపుణుడు). దాదాపు గంటసేపు. మొదట నిశ్శబ్దంగా ఉన్న వీధులు, తర్వాత రద్దీ, తర్వాత "మీకు తెలిసిన దారిలో ఇంటికి పోనివ్వండి" లాంటి సొంత నిర్ణయాలు. దారి తప్పితే మార్కులు పోవు. తప్పాక ఏం చేశాడన్నదే చూస్తారు: పక్కకు ఆపి ఆలోచించాడా, లేక మూడు వరసలు అడ్డంగా కోసి వెనక్కి తిప్పాడా?

ఇంత మంచి పరీక్షలోనూ ఒక కంత ఉంది. ఇది సాధారణంగా పొద్దున పూట, బాగా నిద్రపోయి వచ్చిన మనిషికి జరుగుతుంది. తలగాయం తర్వాత వచ్చే అలసట మామూలు అలసట కాదు. పనిచేసి పనిచేసి నీరసించడం లాంటిది కాదు, దీపం చమురు ఒక్కసారిగా అయిపోవడం లాంటిది. ఉదయం పదింటికి చకచకా మాట్లాడిన మనిషి సాయంత్రం ఐదింటికి రెండు వాక్యాలు కలపలేకపోతాడు. అతను పని ముగించుకుని ఇంటికి బండి నడిపేది ఆ ఐదింటికే. పరీక్ష పెట్టేవాళ్లు ఒక విడత సాయంత్రం కూడా పెడితే చాలా సంగతులు బయటపడతాయి. మందులూ అంతే. ఫిట్స్ మందులు, నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు వేసుకున్న రెండు గంటలకు మనిషి వేరు. మోతాదు మార్చిన వారంలో బండి తీయకపోవడం ఇంగితం. మద్యం ఒకప్పటి మోతాదులో సగానికే తల తిప్పుతుందని చాలామంది గమనిస్తారు, అక్కడ ఎంత తాగొచ్చన్న చర్చే అనవసరం.

కొత్త కార్లు ఈ సమస్యను తేలిక చేశాయా అంటే, సగం చేశాయి. గేర్లు మార్చే పని లేని ఆటోమేటిక్ కారు నిజంగా మేలు, మెదడుకు ఒక పని తగ్గింది. కానీ గీత దాటితే మొత్తుకునే గంటలు, తనంతట తాను వేగం సర్దుకునే ఏర్పాట్లు వేరే సంగతి. ఇవి చేతుల పని తీసుకుని కనిపెట్టుకుని కూర్చునే పని మనిషికి అప్పజెబుతాయి. గాయపడిన మెదడుకు చేతకానిది ఆ కనిపెట్టుకుని ఉండటమే. ఏ పనీ లేక ధ్యాస చెదిరిపోయిన మనిషికి ఉన్నట్టుండి "ఇక నువ్వే పట్టుకో" అని స్టీరింగు అప్పగిస్తే ఏమవుతుంది? ద్విచక్ర వాహనాల సంగతి చెప్పక్కర్లేదు. వాటికి నిలకడ అదనపు భారం. తల దెబ్బకు లోపలి చెవిలోని సన్నటి రేణువులు చోటు తప్పి, మెడ తిప్పినప్పుడల్లా లోకం గిర్రున తిరగడం మామూలు ఇబ్బందే. వెనక వచ్చే బండిని చూడటానికి మెడ తిప్పడమే ద్విచక్ర వాహనం మీద ఉన్నవాడి ప్రాణరక్షణ. దీనికి మందు మాత్ర కాదు, తలను ఒక వరసలో తిప్పించే చిన్న వైద్య ప్రక్రియ ఉంది, చాలాసార్లు ఒకటి రెండు విడతలకే నయమవుతుంది.

స్వల్ప గాయాల గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. ఆటలోనో, జారిపడో తలకు దెబ్బ తగిలి కాసేపు మసకబారిన మనిషి కనీసం ఒక రోజంతా బండి తీయకూడదు. తలనొప్పి, మబ్బు, వెలుతురు పడకపోవడం ఉన్నన్నాళ్లూ ఆగాలి. చాలామందికి ఇవి రోజుల్లో, వారాల్లో తగ్గుతాయి. చిక్కల్లా ఒకటే: దెబ్బ తగిలిన చోటినుంచి ఇంటికి తానే నడుపుకుంటూ వచ్చేయడం. ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే.

ఎవరు వద్దనాలి?

పరీక్షలన్నీ ఉన్నా, వాస్తవంలో తలగాయం తర్వాత బండి తీసిన చాలామంది ఏ పరీక్షా లేకుండానే తీస్తారు. నిర్ణయం ఇంట్లో జరిగిపోతుంది. బ్రిటన్‌లో గాయం సంగతి లైసెన్సు కార్యాలయానికి చెప్పాల్సిన బాధ్యత డ్రైవరుదే. చెప్పకుండా నడుపుతున్నాడని తెలిస్తే డాక్టరు తానే తెలియజేయవచ్చు. కాలిఫోర్నియాలో స్పృహ తప్పే జబ్బులున్నవాళ్ల గురించి డాక్టరు చెప్పి తీరాలి, కెనడాలోని ఒంటారియోలోనూ వైద్యులకు అలాంటి విధి ఉంది. రెండు పద్ధతుల్లోనూ లొసుగులున్నాయి. గాయం గురించి తనకే తెలియని మనిషి మీద తెలియజేసే బాధ్యత పెట్టడం ఒక లొసుగు. డాక్టరు చెప్పేస్తాడన్న భయంతో రోగి మూర్ఛలు దాచడం ఇంకొకటి. రెండోదే ఎక్కువ ప్రమాదకరమని వాదించవచ్చు, ఎందుకంటే దాచిన మూర్ఛకు మందు కూడా ఉండదు.

ఇంట్లో ఈ భారం దాదాపు ఎప్పుడూ ఒక్కరి మీదే పడుతుంది. భర్త తాళాలు భార్య దాచాలి, తండ్రి తాళాలు కొడుకు అడగాలి. ఆ రోజు నుంచి వాళ్లు శత్రువులు. కోపం అణచుకునే శక్తి కూడా ఆ గాయంలోనే పోయి ఉంటుందన్నది మర్చిపోకూడదు. అందుకే "వద్దు" అనే మాట వైద్యుడి నోట, వీలైతే ఆయన చేతిరాతలో, తేదీతో రావడం చాలా మేలు. డిశ్చార్జి కాగితాల్లో మందుల పట్టిక పక్కనే "డ్రైవింగ్: ఫలానా తేదీ దాకా వద్దు, ఆ తర్వాత ఫలానా పరీక్ష" అని ఒక వరస ఉంటే ఎన్నో ఇళ్లలో ఎన్నో గొడవలు తప్పుతాయి. తేదీ ఉండటం ముఖ్యం. "కొన్నాళ్లు" అనే మాటకు అంతు లేదు, అంతు లేని నిషేధాన్ని ఎవరూ పాటించరు.

ఆ తేదీ దాకా ఉన్న కాలం వృథా కానక్కర్లేదు. పక్క సీట్లో కూర్చుని, కనిపించినదాన్ని కనిపించినట్టు పైకి చెప్పడం మంచి సాధన: "ఎడమ సందులోంచి బండి వస్తోంది, ముందు బస్సు ఆగబోతోంది, ఆ పిల్లాడి బంతి రోడ్డు మీదికి రావొచ్చు." నడిపేవాళ్లు చూసి, ఈయన చెప్పనివి ఏవో లెక్కపెడితే ధ్యాస ఎక్కడ చెదురుతోందో నెలరోజుల్లో తెలిసిపోతుంది. తనకు కూడా తెలుస్తుంది, అదే పెద్ద లాభం. మళ్లీ చక్రం పట్టాక మొదట పగటి పూట, తెలిసిన దారి, ఇరవై నిమిషాలు, రేడియో లేకుండా, పక్కన మాట్లాడని మనిషి. పిల్లలు, రాత్రి, వాన, హైవే తర్వాత ఒక్కొక్కటిగా.

భయం సంగతి వేరు. కారు ప్రమాదంలోనే గాయపడినవాళ్లలో కొందరికి నడపగల శక్తి అంతా తిరిగొచ్చినా, ముందు బండి బ్రేకు లైటు ఎర్రబడగానే ఒళ్లంతా చెమటలు పడతాయి. చిత్రమేమిటంటే నడుపుతున్నప్పటికన్నా పక్కన కూర్చున్నప్పుడు ఆ భయం ఎక్కువ ఉంటుంది చాలామందికి. దాన్ని మెదడు లోపంగా లెక్కేసి లైసెన్సు ఆపడం తప్పు, ధైర్యం తెచ్చుకోమని కసరడం ఇంకా తప్పు. దానికి చికిత్స ఉంది, అది మనస్తత్వ నిపుణుల దగ్గర దొరుకుతుంది.

మొదటి రోడ్డు పరీక్షలో తప్పినవాళ్లకు ఒక సంగతి ముందే చెప్పి ఉంచాలి. తలగాయం తర్వాత కోలుకోవడం మొదటి ఆరు నెలల్లో వేగంగా, రెండేళ్ల దాకా నెమ్మదిగా సాగుతుంది, కొందరిలో ఆ తర్వాతా ఆగదు. మూడో నెలలో తప్పిన పరీక్షలో తొమ్మిదో నెలలో నెగ్గినవాళ్లు ఉంటారు. మొదటిసారి థెరపిస్టు రాసిచ్చిన లోపాల కాగితాన్ని చించి పారేయకుండా దాచుకుని, రెండోసారి వెళ్లేటప్పుడు పట్టుకెళ్లాలి. ఆ కాగితంలో ఉన్న లోపాలు ఏవో తన మాటల్లో చెప్పగలిగే స్థితికి వచ్చిన మనిషికే మళ్లీ పరీక్ష పెట్టడానికి వేళయినట్టు.